పదమూడో ఊచ

అమెరికా ఇళ్ల వెనక చెక్క డెక్‌కి రెయిలింగ్ చేసేది మన మేడకు పిట్టగోడ చేసే పనే. కట్టిన వడ్రంగిని అందరూ మెచ్చుకుంటారు. అంతకుముందే దాన్ని కంప్యూటర్‌లో ఊచ ఊచగా నిలబెట్టిన డిజైనర్ మాత్రం ఎవరికీ గుర్తుండడు.

చీఫ్ ఆర్కిటెక్ట్ సాఫ్ట్‌వేర్‌లో రెయిలింగ్ కూడా ఒక రకం గోడే. గీత లాగితే స్తంభాలు, పైకమ్మీ, ఊచలు వాటంతటవే లేస్తాయి. అంతవరకూ ఎవరైనా చేస్తారు. ఇంటావిడ తామరపువ్వుల జాలీ కావాలన్నప్పుడే పనితనం బయటపడేది. ఆ పలకను విడిగా మలచి, సింబల్‌గా మార్చి, లైబ్రరీలో చేర్చి, తిరిగి రెయిలింగ్‌లో కూర్చోబెట్టాలి. స్తంభాల మధ్య దూరం మారినా పువ్వు సాగిపోకూడదు. మెట్ల దగ్గర కమ్మీ వాలుతుంది, ఊచలు నిలువుగానే ఉండాలి. చెయ్యి తిరిగినవాడెవరో అక్కడ తెలిసిపోతుంది.

అందానికి లెక్క కాపలా. అమెరికా రెసిడెన్షియల్ కోడ్ ప్రకారం నేలకు 30 అంగుళాలు మించి ఎత్తున్న డెక్‌కి కనీసం 36 అంగుళాల రెయిలింగ్ ఉండాలి. ఊచల సందులోంచి 4 అంగుళాల బంతి దూరకూడదు, పసిపిల్లల తల ఇరుక్కోకుండా. స్తంభాల మధ్య 72 అంగుళాలు, ఊచ మందం ఒకటిన్నర అనుకుందాం. 12 ఊచలైతే సందు 4 దాటుతుంది. 13 పెడితే మూడుముప్పావుకి దిగుతుంది. చెక్క కొనకముందే ఆ పదమూడో ఊచను తెరమీద పట్టుకున్నవాడు నా లెక్కలో మేస్త్రీయే.

కాలిఫోర్నియాలోనైతే రెయిలింగ్ ఎత్తు కనీసం 42 అంగుళాలు. డెక్ కట్టించుకునేవారూ, బొమ్మ చూసి మురిసే ముందు మీ ఊరి నిబంధనేమిటో డిజైనర్‌ని అడగండి.