బంగారు పాపను మళ్లీ చూశాక

పెళ్లిచూపుల్లో వద్దనుకున్న మనిషిని పాతికేళ్ల తర్వాత ఏ బస్సులోనో, ఏ పెళ్లిలోనో చూసి, "అయ్యో, ఇంత నెమ్మదస్తుణ్ణా నేను కాదన్నది!" అనుకున్నవాళ్లు మనలో ఎంతమంది లేరు? పైకి చెప్పుకోం గానీ, ఆ రాత్రి కాస్త ఆలస్యంగా నిద్రపడుతుంది. నాకు మటుకు అటువంటి అనుభవం ఈ మధ్య ఒక సినిమాతో కలిగింది. ఆ సినిమా పేరు 'బంగారు పాప'. తీసినాయన బి.ఎన్.రెడ్డి.

మా వేంపల్లెలో బస్సెక్కితే గంటలోపు పులివెందుల చేరతాం. ఆ దగ్గర్లోనే యద్దులయ్యగారి కొత్తపల్లె అని ఒక పల్లె. బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి 1908లో అక్కడే పుట్టాడు. చెనిక్కాయ చేలు, నల్లరాళ్లు, వాన కోసం ఎదురుచూసే కళ్లు తప్ప మరేం లేని ఆ దిక్కు నుంచి మద్రాసు పోయి, 1939 నుంచి 1969 దాకా ముప్పై ఏళ్లలో 11 తెలుగు సినిమాలు తీశాడు. 1974లో ఆయనకు దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఇచ్చారు. దక్షిణాదిన ఆ గౌరవం అందుకున్న మొదటి మనిషి ఆయనే. మా ఊళ్లో ముసలాళ్లకు ఆ అవార్డు సంగతి పట్టదు. "మన దిక్కు మనిషిలే" అంటారు, అంతే. మా వాళ్ల నోట అంతకంటే పెద్ద బిరుదు రాదు.

ఆయన పేరు చెప్పగానే అందరూ 'మల్లీశ్వరి' అంటారు. 1951లో వచ్చిన ఆ సినిమాను తలుచుకుని కళ్లు తుడుచుకోని తెలుగు ఆడదాన్ని నేను చూడలేదు. అంత ఎత్తుకు ఎక్కిన మనిషి తర్వాత ఏం చేస్తాడా అని లోకమంతా చూస్తున్నప్పుడు, 1955 మార్చిలో 'బంగారు పాప' వచ్చింది. తెలిసినవాళ్లు మెచ్చుకున్నారు. జనం మాత్రం పెద్దగా వెళ్లలేదు. మల్లీశ్వరిని ఆశించి వెళ్లినవాళ్లకు అందులో భానుమతీ లేదు, రాయలవారూ లేరు. జైలు నుంచి తిరిగొచ్చిన ఒక మొరటు తాగుబోతు, తల్లికి దూరమైన ఒక పసిపిల్ల, అంతే ఉన్నారు.

నేను చూసినప్పుడు నా వయసు పందొమ్మిది. బి.ఎ. చదువుతున్నాను. జార్జి ఇలియట్ రాసిన 'సైలస్ మార్నర్' మాకు పాఠ్యపుస్తకం. ఆ నవల ఆధారంగానే బంగారు పాప తీశారని మా లెక్చరర్ చెబితే, ఒక ఆదివారం మధ్యాహ్నం టీవీలో వస్తుంటే పుస్తకం ఒళ్లో పెట్టుకుని మరీ కూర్చున్నాను. పరీక్షకు దిద్దే మాస్టారిలా ప్రతి తేడాకూ ఒక మార్కు తీసేస్తూ చూశాను. అక్కడ నేతగాడు, ఇక్కడ కోటయ్య. అక్కడ మంచు, ఇక్కడ మన పల్లె. ఇవన్నీ అట్లా ఉంచితే, హీరో ఏడీ? జగ్గయ్య ఉన్నాడు గానీ ధైర్యం చాలని కన్నతండ్రిగా. తెర నిండా ఉన్నదేమో ఎస్.వి.రంగారావు! 'పాతాళ భైరవి'లో నేపాళ మాంత్రికుడై భయపెట్టినాయన చంటిపిల్లను ఎత్తుకుని తిరుగుతుంటే నాకు నవ్వొచ్చింది. పైకే నవ్వాను కూడా.

మా పెద్దమ్మ పక్కన చేట పెట్టుకుని చెనిక్కాయలు ఒలుస్తూ ఉంది. "నువ్వు గమ్మునుండు పాపా, ఆయప్పను చూడనీ" అంది. మా కడప దిక్కు ఆడపిల్లకు పెళ్లయి, పిల్లలు పుట్టి, తల నెరిసినా పిలుపు 'పాపా' అనే. కాబట్టి ఆ పిలుపులో నాకేం ప్రత్యేకత కనిపించలేదు. సినిమా అయిపోయాక చూస్తే చేటలో కాయలు సగం అట్లానే ఉన్నాయి. అది కూడా నాకు అప్పుడు వింతగా తోచలేదు.

ఆ పెద్దమ్మ పోయి ఇప్పటికి నాలుగేళ్లు. మొన్న దసరాకు ఇల్లు సర్దుతుంటే అటక మీద నా పాత సైలస్ మార్నర్ దొరికింది. ఆ రాత్రి ఫోనులో బంగారు పాప పెట్టుకుని మళ్లీ చూశాను. ఈసారి మార్కులు వేయలేదు.

మొదట ఆ నవల సంగతి చెప్పాలి. జార్జి ఇలియట్ అన్నది మగపేరు. ఆమె అసలు పేరు మేరీ ఆన్ ఇవాన్స్. 1861లో ఆ నవల అచ్చయింది. ఆమె కడుపున పిల్లలు పుట్టలేదు. తనతో జీవితం పంచుకున్న లూయిస్‌గారి ముగ్గురు కొడుకులకూ తల్లిలా నిలబడింది. కనడం వేరు, అమ్మ కావడం వేరు అన్న సంగతి ఆమెకు పుస్తకాల్లో చదివితే తెలిసింది కాదు. ఆమె కథలో సైలస్ ఒంటరి నేతగాడు. బంగారు నాణేలు కూడబెట్టి రాత్రిళ్లు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. అవి దొంగలపాలవుతాయి. ఒక రాత్రి పొయ్యి ముందర ఏదో పచ్చగా మెరుస్తుంటే, చూపు సరిగా ఆనని ఆ మనిషి పోయిన బంగారమే తిరిగొచ్చిందనుకుని చెయ్యి పెడతాడు. చేతికి మెత్తగా తగులుతుంది. అది ఒక పసిపిల్ల జుత్తు.

పందొమ్మిదేళ్లప్పుడు నేను ఎక్కువ మార్కులు తీసేసింది ఇక్కడే. "బంగారు జుత్తు లేకపోతే కథలో ఇంకేం మిగిలింది?" అన్నాను. ఇప్పుడు తోస్తోంది, బి.ఎన్.రెడ్డికి, ఆయనతో కూర్చుని కథ అల్లిన పాలగుమ్మి పద్మరాజుకు ఆ జుత్తుతో పనిలేదని. 'గాలివాన' కథతో 1952లో అంతర్జాతీయ పోటీలో రెండో బహుమతి గెలుచుకున్న పద్మరాజుగారిని సినిమాల్లోకి తీసుకొచ్చింది ఈ బంగారు పాపే. ఇంగ్లీషు నవలా రచయిత్రి బంగారానికీ బిడ్డకూ ముడిపెట్టాలంటే పొయ్యి వెలుతురు కావాలి, పచ్చని జుత్తు కావాలి, ఆనని చూపు కావాలి. తెలుగులో ఆ ముడి ఎప్పుడో పడిపోయింది. నల్లటి పిల్లను ఎత్తుకుని కూడా "నా బంగారు తల్లీ" అంటాం మనం. ఒంటి మీద గురిగింజెత్తు బంగారం లేని తల్లి కూడా అంటుంది. ఆ సంగతి తెలిసినవాళ్లు కనుకనే నేతగాడి పేరు తీసేసి, బిడ్డ పేరునే సినిమాకు పెట్టారు. అనువాదమంటే మాట మార్చడం అనుకునే రోజుల్లో నాకది లోపంగా కనిపించింది. నాలుగు నవలలు రాశాక, ఆ ఒక్క పేరు పెట్టడానికి ఎంత ఆలోచన పట్టి ఉంటుందో తెలుస్తోంది.

ఇక రంగారావు. అంత భారీ మనిషి, అంత ఖంగుమనే గొంతు. రాజుగానో, రాక్షసుడుగానో నిలబడితే తెర చాలదు. ఆ మనిషిని తీసుకొచ్చి జానెడు పిల్ల ముందు ఒంగోబెట్టాడు బి.ఎన్. మొదట్లో ఆ చేతులకు పసిపిల్లను ఎట్లా పట్టుకోవాలో తెలియదు. పోనుపోను ఆ చేతులే మెత్తబడతాయి. చేతులతోబాటు మనిషీ మెత్తబడతాడు. ఇందులో ఉపన్యాసం లేదు. బిడ్డను సాకడమంటే ఆడవాళ్లకు పుట్టుకతో వచ్చే విద్య అని మనకు చెబుతూ వచ్చారు. అది పనిచేస్తూ చేస్తూ నేర్చుకునేదనీ, నేర్చుకున్నవాళ్లెవరైనా అమ్మేననీ ఈ సినిమా చెబుతుంది. 1955లో తెలుగు సినిమా మీసాలున్న మనిషి చేత ఆ మాట చెప్పించింది. హీరో ఏడీ అని వెతుక్కున్న నాకు అప్పుడు కనిపించలేదు. ఆ సినిమాకు హీరో కోటయ్యే.

అట్లాగని తప్పులు లేవంటే అబద్ధమాడినట్టే. కోటయ్య తెర మీద లేనప్పుడు కథ చల్లబడుతుంది. పాప పెద్దదై కృష్ణకుమారి అయ్యాక వచ్చే ప్రేమ ముచ్చట్లు, 'మీరు అడుగుతారని పెట్టాం' అన్నట్టుంటాయి. ఎ.ఎం.రాజా, సుశీల కలిసి పాడిన యుగళగీతం ఎన్నిసార్లు విన్నా బాగుంటుంది గానీ, అది పక్కింటి పెళ్లిలోంచి వినిపిస్తున్న సన్నాయిలా ఉంటుంది. ఈ కథ నాడి మాధవపెద్ది సత్యం పాడిన తోలుబొమ్మ పాటలో దొరుకుతుంది. కృష్ణశాస్త్రిగారు రాసిన మాటల్ని అద్దేపల్లి రామారావుగారు ఎంత తక్కువ ఆర్భాటంతో పాటకట్టారో గమనించండి. మల్లీశ్వరిలో సాలూరివారికి వాద్య నిర్వహణలో తోడున్నాయన ఆయనే. వాద్యాలను ఎక్కడ ఆపాలో బాగా తెలిసినవాడు.

ఇంతకీ జనం ఎందుకు వెళ్లలేదు? నాకొకటి తోస్తుంది. అదే 1955లో, బంగారు పాప కంటే రెండు నెలల ముందు, జనవరిలో, బి.ఎన్.రెడ్డి సొంత తమ్ముడు నాగిరెడ్డి, చక్రపాణి కలిసి తీసిన 'మిస్సమ్మ' వచ్చింది. దాని సంగతి నేను చెప్పాలా? ఇప్పటికీ టీవీలో వస్తుంటే పొయ్యి మీద పాలు పొంగిపోనిచ్చి చూస్తాం. అందులోనూ ఉన్నది తప్పిపోయిన బిడ్డ కథే. జమీందారు దంపతుల కూతురు మహాలక్ష్మి చిన్నప్పుడు తప్పిపోతుంది. పాల్ దంపతులు ఆ పిల్లను మేరీగా పెంచి, చదివించి పెద్ద చేస్తారు. చివరకు నాగేశ్వరరావు పరిశోధన, కాలి మీద మచ్చ, అన్నీ కలిసి కన్నవాళ్లకు బిడ్డ దొరుకుతుంది. అందరూ నవ్వుకుంటూ ఇళ్లకు పోతాం. ఆ జమీందారు ఎవరనుకున్నారు? ఎస్.వి.రంగారావే!

ఒకే ఏడు, ఒకే ఇంటి అన్నదమ్ములు, ఒకే నటుడు. తమ్ముడి సినిమాలో ఆయన బిడ్డను తిరిగి పొందే కన్నతండ్రి. అన్న సినిమాలో ఆయన బిడ్డను పెంచిన తండ్రి. సైలస్ మార్నర్‌లో పదహారేళ్ల తర్వాత కన్నతండ్రి భార్యను వెంటబెట్టుకొచ్చి, పిల్లను తమతో పంపమంటాడు. డబ్బుంది, ఇల్లుంది, రక్తసంబంధం ఉంది. ఆ పిల్ల రానంటుంది. తనను సాకిన మనిషి పక్కనే నిలబడుతుంది. తమ్ముడి కథ రక్తం గెలిచిన కథ, అన్న కథ సాకిన చెయ్యి గురించిన కథ. జనం మొదటిదాన్నే ఎన్నుకున్నారు. అందులో వింతేముంది? మిస్సమ్మ చూసి హాయిగా ఇంటికి పోవచ్చు. బంగారు పాప చూస్తే, మన ఇంట్లో మనల్ని సాకిందెవరో ఒకసారి లెక్క చూసుకోవాలి.

ఆ లెక్క నేను ఇన్నేళ్లూ చూడలేదు. మా అమ్మకు ఐదుగురు ఆడపిల్లలం. మూడోదాన్నైన నన్ను రెండేళ్లప్పుడు పిల్లల్లేని పెద్దమ్మకు ఇచ్చారు. నా ఆరో ఏట పెదనాయన పోయాడు. అప్పట్నుంచి పెద్దమ్మ మిషను కుట్టి, రవికకింత అని కూడబెట్టి నన్ను బి.ఎ. దాకా చదివించింది. పెళ్లి కుదిరాక కన్నవాళ్లొచ్చి అన్నీ చేతుల్లోకి తీసుకున్నారు. పత్రికలో వాళ్ల పేర్లే వేశారు, పీటల మీద వాళ్లే కూర్చున్నారు. పసుపు కుంకుమ లేని మనిషి ముందుకు రాకూడదని ఎవరో అన్నారు. నేను అక్కడే ఉన్నాను. పట్టుచీర కట్టుకుని, తల వంచుకుని, ఆ మాట విన్నాను. ఏమీ అనలేదు.

ముందురోజు పత్రిక చూసి మాత్రం అడిగాను, "నీ పేరు లేదే?" అని. "పత్రికల్లో అట్లనే ఏస్తారులే పాపా, దానికేముంది" అంది పెద్దమ్మ. తాళి కట్టేవేళకు ఆమె వంటల దగ్గర ఉందట. ఎవరో తర్వాత చెప్పారు. అప్పుడు నా కళ్లు ఆమెను వెతకలేదు. మిస్సమ్మ చివర్లో లాగా అందరూ నవ్వుతున్నారు, నేనూ నవ్వుతున్నాను.

మొన్న రాత్రి కోటయ్య ముఖం చూస్తుంటే ఆ చేట గుర్తొచ్చింది, సగం ఒలిచి వదిలేసిన చెనిక్కాయలతో. ఆ ఆదివారం పెద్దమ్మ చూసింది నేను చూసిన సినిమా కాదు. "ఆయప్పను చూడనీ" అని ఎందుకన్నదో అప్పుడే అర్థమై ఉంటే, మూడేళ్ల తర్వాత పెళ్లిపందిట్లో నోరు తెరిచి ఉండేదాన్నేమో. ఏమో, పందొమ్మిదేళ్ల వయసు మీద మరీ అంత నేరం మోపడం కూడా న్యాయం కాదేమో.

బంగారు పాప మల్లీశ్వరి అంత గొప్పదని నేను వాదించను. మల్లీశ్వరి చందమామ అయితే ఇది ఇంట్లో కిరసనాయిలు దీపం. కానీ కరెంటు పోయిన రాత్రి పిల్లకు అన్నం తినిపించింది ఏ వెలుతురులోనో అందరికీ తెలుసు.

మీకు వీలైతే ఒక పని చెయ్యండి. ఒకరోజు మిస్సమ్మ, మర్నాడు బంగారు పాప చూడండి. తర్వాత మళ్లీ మిస్సమ్మ చివరి ఘట్టానికి రండి. అందరూ నవ్వుతుంటారు, మీరూ నవ్వండి, తప్పులేదు. నవ్వుతూనే ఒక్క క్షణం, మేరీని సాకిన ఆ పాల్‌గారు ఎక్కడున్నారో వెతకండి.

మా పెళ్లి ఫోటోల్లో నేనిప్పుడు చేస్తున్న పని అదే.