వెనక్కి తగ్గే కత్తి

ఈ వారం నిడమనూరు దగ్గర ఒక బత్తాయి తోటలో మినీ ట్రాక్టర్ గడ్డి కోస్తుంటే చూసి, ఈ శీర్షిక రాసే మనిషి గెట్టు మీదే చాలాసేపు నిలబడిపోయాడు. ట్రాక్టర్ వెనక రోటవేటర్ లేదు, గొర్రు లేదు. మోకాటి ఎత్తు గడ్డిని నాలుగు వేళ్ల ఎత్తుకు కోసి, కోసినచోటే పరిచిపోయే స్లాషర్ ఉంది. ఎర్రమట్టి తిరగబడలేదు, దుమ్ము లేవలేదు. వరుసల మధ్య పచ్చి వాసన ఒక్కటే.

ఆ స్లాషర్ కిరాయిది. రైతుకు సొంతంగా ఒకటి కొనుక్కోవాలని ఉంది. మిర్యాలగూడలో ఒక దుకాణంలో ఆరడుగుల స్లాషర్ చూపించారు. కోదాడలో ఇంకొకచోట ఫ్లెయిల్ మోవర్ చూపించారు. సూర్యాపేటలో ఉండే బంధువు మాత్రం ఇవేవీ వద్దు, రోటవేటర్ ఉండగా ఇంకొకటి ఎందుకన్నాడు. ఈ మూడో సలహా చదవగానే పాత పాఠకులకు తర్వాతి పేరా ఏమిటో తెలిసిపోయి ఉంటుంది.

బత్తాయి తోటలో రోటవేటర్ తిప్పొద్దు. ఈ శీర్షిక ముందూ ఈ మాట అంది, మళ్లీ మళ్లీ అంటుంది. బత్తాయి చెట్టుకు తిండి అందించే సన్న వేర్లు ఎక్కువగా నేల పై అడుగు, అడుగున్నర లోనే అల్లుకుని ఉంటాయి. రోటవేటర్ కత్తులు నాలుగైదు అంగుళాల లోతున తిరుగుతూ ఆ అల్లికలో పైభాగాన్ని ఏటా తెంచేస్తాయి. తెగిన వేరు దగ్గర కుళ్లు తెగుళ్లకు దారి దొరుకుతుంది. పోనీ కలుపైనా పోతుందా అంటే అదీ లేదు. గరక తీగ పది ముక్కలైతే కణుపు ఉన్న ప్రతి ముక్కా ఒక మొక్క అవుతుంది. తుంగ గడ్డలు తోట ఈ మూల నుంచి ఆ మూలకు కత్తులతో పాటే ప్రయాణం చేస్తాయి. వానలకు ముందు తోటను అద్దంలా దున్ని పెట్టుకోవడం మన దగ్గర మంచి రైతు లక్షణం. ఊళ్లో పేరు దానితోనే వస్తుంది. ఆ పేరు కోసం మొదటి పెద్ద వానకు పైమట్టి కొట్టుకుపోతుంటే చూస్తూ ఊరుకోవడం ఈ రచయితకు చేతకాదు.

అంతవరకు తేలికే. రోటవేటర్ వద్దంటే మరి ఏది కావాలి? దానికి నేల సంగతి తెలియాలి.

నిడమనూరు ప్రాంతంలో భూమిని కాలువ కింద, కాలువ పైన అని రెండుగా చూడాలి. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగింది, 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కిందికి వచ్చిన భూమి మడులుగా మారింది. దాన్ని చదును చేసి, గట్లు పోసి, వరికి తగ్గట్టు మలిచారు. అక్కడ ట్రాక్టర్‌కు ఎగుడుదిగుడు అంటే ఏమిటో తెలియదు. కాలువ నీళ్లు ఎక్కని ఎత్తు చెలకలను ఎవరూ అలా చదును చేయలేదు. బోరు పడ్డచోట బత్తాయి పెట్టారు. పలుగు రాళ్లు, పాత చెట్ల మోడులు, వాన కోసిన చిన్న చిన్న గండ్లు, పాదుల చుట్టూ ఎత్తిన కట్టలు అన్నీ గడ్డి కింద దాక్కుని ఉంటాయి. గడ్డి కోసే పనిముట్టు మొదట ఎదుర్కొనేది వీటినే.

ఇలాంటి చోట కొన్ని పనిముట్లను చూసిన వెంటనే పక్కన పెట్టొచ్చు. పచ్చిక బయళ్ల కోసం చేసిన ఫినిషింగ్ మోవర్‌లో మూడు సన్నని కత్తులు బిగించి ఉంటాయి. కాలేజీ మైదానంలో అది చక్కగా పనిచేస్తుంది, చెలకలో మొదటి రాయికే కత్తి వంగుతుంది. కత్తెరలా అటూ ఇటూ ఆడే పట్టీ కోత యంత్రం పశుగ్రాసం కోయడానికి మంచిది, చిన్న ఇంజిన్‌కూ భారం కాదు. కానీ రాయి తగిలితే పళ్లు విరుగుతాయి. మిగిలేవి స్లాషరూ, ఫ్లెయిలూ. ఈ రెండింటికీ ఉన్న ఒక ఉమ్మడి గుణం గురించి చెప్పాలంటే కొంచెం దూరం పోయి రావాలి.

దక్షిణ ఆస్ట్రేలియాలో యార్క్ ద్వీపకల్పం అనే చోట పంతొమ్మిదో శతాబ్దంలో మాలీ అనే పొదలను నరికి పొలాలు చేశారు. ఆ పొద పైన నరికితే పోదు. భూమిలో గట్టి మోడు మిగులుతుంది, మళ్లీ చిగురిస్తుంది. ఎకరాలకు ఎకరాల మోడులు తవ్వి తీయడం రైతులకు తలకు మించిన పని. నాగళ్లు విరిగేవి, గుర్రాలకు దెబ్బలు తగిలేవి. 1876లో రిచర్డ్ బోయర్ స్మిత్ ఒక నాగలి చేశాడు. అందులో ప్రతి కర్రునూ విడిగా, కీలు మీద వేలాడేట్టు కట్టాడు. మోడు తగిలితే ఆ ఒక్క కర్రు పైకి లేచి దాన్ని దాటేస్తుంది, దాటాక బరువుకు తనంతట తనే మళ్లీ నేలలో దిగుతుంది. మిగతా కర్రులు తమ పని తాము చేసుకుపోతుంటాయి. స్టంప్‌జంప్ నాగలి అని దానికి పేరు వచ్చింది. మోడులు తీసే పని లేకుండానే ఆ మాలీ నేలలు సాగులోకి వచ్చాయి.

ఈ నాగలి గురించి చదివిన ప్రతిసారీ ఈ రచయితకు ఒకటే ఆశ్చర్యం. అంతకుముందు అందరూ ఇంకా గట్టి ఇనుము, ఇంకా బరువైన నాగలి, ఇంకో జత గుర్రాలు అని ఆలోచించారు. స్మిత్ మాత్రం కర్రును వెనక్కి తగ్గనిచ్చాడు. అదే ఆస్ట్రేలియాలో 36 ఏళ్ల తర్వాత, 1912లో, గిల్‌గాండ్రా దగ్గర తన తండ్రి పొలంలో ఆర్థర్ క్లిఫర్డ్ హోవర్డ్ అనే యువకుడు తిరిగే కత్తులతో నేల దున్నే ప్రయోగాలు మొదలుపెట్టాడు. నేటి రోటవేటర్‌కు మూలం అదే. దాని కత్తులు కీలు మీద ఉండవు, గట్టిగా బిగించి ఉంటాయి. మెత్తని, రాళ్లు లేని నేలలో అది గొప్ప పనిముట్టు. వరి మడిలో దాని ఉపకారాన్ని ఈ శీర్షిక ఎప్పుడూ కాదనలేదు. కీలు కత్తి మాత్రం గడ్డి కోతలో మళ్లీ కనిపించింది. 1951లో అమెరికాలోని అలబామా రాష్ట్రం సెల్మా పట్టణంలో బుష్ హాగ్ పేరుతో ట్రాక్టర్ స్లాషర్ వచ్చింది. పొదలను నరికేసే పని దానిది. అమెరికా పల్లెల్లో ఇప్పటికీ ఏ కంపెనీ స్లాషర్‌నైనా బుష్ హాగ్ అనే పిలుస్తారు.

స్లాషర్ కింద వంగి చూస్తే ఈ సంగతి కళ్లకు కడుతుంది (ఇంజిన్ ఆపి, తాళం తీసి, కింద చెక్క దిమ్మలు పెట్టాకే చూడాలి). గేర్‌బాక్స్ కింద గుండ్రని పళ్లెం ఉంటుంది. మోడు ఎదురైతే ఆ పళ్లెం దాని మీదుగా జారిపోతుంది. పళ్లెం అంచున రెండు మందపాటి కత్తులు బోల్టు మీద వదులుగా తిరుగుతుంటాయి. తిరిగే వేగానికి అవి బయటికి చాచుకుంటాయి, రాయి తగిలితే వెనక్కి మడుచుకుంటాయి. ఫ్లెయిల్ ఈ ఆలోచనను ఇంకా ముందుకు తీసుకుపోయింది. దానిలో అడ్డంగా తిరిగే గొట్టానికి ఇరవై, ముప్పై చిన్న కత్తులు వేలాడుతుంటాయి. రాయి తగిలితే ఒకటో రెండో మడుచుకుంటాయి, మిగతావి కోస్తూనే ఉంటాయి. కోసిన గడ్డి పొట్టులా రాలుతుంది. రాయి ఎగిరినా చాలావరకు పైకప్పు లోపలే తగిలి కింద పడుతుంది. ట్రాక్టర్‌కు దగ్గరగా, పొట్టిగా ఉంటుంది కనుక గుంటల్లోకి దిగి ఎక్కుతుంది. ఖరీదు ఎక్కువే. అయినా కాగితం మీద చూస్తే రాళ్ల చెలకకు ఫ్లెయిల్‌ను మించింది లేదు. రచయిత ఆ తోట గెట్టు దిగేటప్పుడు మనసులో ఉన్న జవాబు కూడా అదే.

వెడల్పు సంగతి ముందే తేల్చేయాలి. ఆరడుగులదైతే పని తొందరగా అవుతుందని దుకాణంలో చెప్పే మాట చదును నేలకు సరిపోతుంది. స్లాషర్‌కు అడుగు వెడల్పుకు పీటీఓ (ట్రాక్టర్ వెనక పనిముట్టును తిప్పే షాఫ్టు) దగ్గర 4 నుంచి 5 హెచ్‌పీ కావాలన్నది లెక్క. మహీంద్రా జీవో 245, కుబోటా బీ2441 లాంటివి 24 హెచ్‌పీ బండ్లు. ఆ 24 ఇంజిన్ దగ్గరి మాట, పీటీఓ దగ్గరికి వచ్చేసరికి తగ్గుతుంది. కాబట్టి నాలుగడుగులే హద్దు. శక్తి ఉన్నా సరే, ఎగుడుదిగుడులో వెడల్పు పనికిరాదు. వెడల్పాటి స్లాషర్ రెండు మిట్టల మీద ఆని నిలబడితే మిట్టను గీకేస్తుంది, మధ్య పల్లంలో గడ్డి అలాగే మిగులుతుంది. వెనక బరువెక్కువై కట్ట ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేచే ప్రమాదం వేరే ఉంది. ట్రాక్టర్ చక్రాల వెడల్పును కప్పితే చాలు, అంతకు మించి ఆశపడకూడదు. ఇరవై అడుగుల ఎడంలో, ఎకరాకు 110 చెట్లున్న తోటలో నాలుగు సార్లు తిరిగితే వరుస పూర్తవుతుంది.

తోట లోపలికి నడిచాక లెక్క మారింది.

ప్రతి వరుసలోనూ నల్లటి డ్రిప్పు పైపు ఉంది. కొన్నిచోట్ల గడ్డి దాన్ని కప్పేసింది, కొన్నిచోట్ల వానకు జరిగి దారికి అడ్డంగా పడుంది. దగ్గరికి వెళ్లి చూస్తే నిరుడు పండ్లు కట్టిన నైలాన్ తాళ్లు, కంచెకు కట్టి వదిలేసిన తీగ ముక్కలూ కనిపించాయి. బోరు నీళ్ల మీద బతికే బత్తాయి తోటలు చాలావరకు ఇలాగే ఉంటాయి. ఇక్కడే ఫ్లెయిల్ గుణం దోషమవుతుంది. అడ్డంగా తిరిగే గొట్టం పైపు కొసను ఒకసారి అందుకుందంటే రాట్నానికి నూలు చుట్టినట్టు వరుస మొత్తాన్నీ లాగేసుకుంటుంది. ఇరవై ముప్పై కత్తుల మధ్య చిక్కుకున్న ప్లాస్టిక్‌ను చాకుతో కోసి తీయడం పూట పని. స్లాషర్ కిందా తీగ చుట్టుకోకపోదు. కానీ ఎక్కువసార్లు అది పైపును అక్కడికక్కడే నరికేసి ముందుకు పోతుంది. తెగినచోట జాయింటర్ పెడితే అయిపోతుంది.

రెండో సంగతి కమ్మరి. ఫ్లెయిల్ కత్తుల్లో నాలుగు పోతే గొట్టం తూకం తప్పుతుంది. అదురు మొదలై బేరింగులు పోతాయి. సరైన బరువున్న కత్తి కంపెనీ నుంచే రావాలి, అది వచ్చేలోగా గడ్డి మళ్లీ మోకాటికి వస్తుంది. స్లాషర్‌కున్నవి రెండే కత్తులు. వాటికి పదును పెట్టడం, బోల్టులు మార్చడం మండల కేంద్రంలో ఏ వెల్డింగ్ షాపులోనైనా జరుగుతుంది. ఒకటే జాగ్రత్త: రెండు కత్తులనూ విడివిడిగా తూచి బరువు సమానంగా ఉండేట్టు చూడాలి, ఒకదాన్ని మాత్రమే మార్చకూడదు.

అందుకని రాళ్ల చెలకకు ఫ్లెయిలే మేలని చెప్పబోయిన ఈ శీర్షిక, చివరికి మొరటైన నాలుగడుగుల స్లాషర్ కొనమనే చెబుతోంది. తీసుకునేటప్పుడు పక్కకు జరిపి కట్టే వీలున్నది అడగాలి. కాయ బరువుకు కొమ్మలు నేలకు ఆనే తోటలో ట్రాక్టర్ బయట ఉండి స్లాషర్ మాత్రం కొమ్మల కిందికి వెళ్లాలి. అంతమాత్రాన మొదలు దాకా పోకూడదు. బెరడుకు కత్తి తగిలినచోటే బంక తెగులు మొదలవుతుంది.

ముందూ వెనకా గొలుసు తెరలు లేని స్లాషర్ ఎంత చవకైనా వద్దు. పీటీఓ నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది. దాన్ని గేర్‌బాక్స్ వెయ్యికి పెంచితే నాలుగడుగుల వ్యాసంలో తిరిగే కత్తి కొన వేగం గంటకు 220 కిలోమీటర్లు దాటుతుంది. ఆ వేగంతో ఎగిరిన పలుగు రాయి పక్క వరుసలో కాయ కోసే ఆడమనిషి దాకా వెళ్తుంది. షాఫ్టు మీది ప్లాస్టిక్ తొడుగు ఊడదీసి పారేయడం మన దగ్గర మామూలైపోయింది. సెకనుకు తొమ్మిది చుట్లు తిరిగే ఇనుప కడ్డీకి తువాలు అంచు తగిలితే చెయ్యి వెనక్కి తీసుకునే వ్యవధి ఉండదు. షాఫ్టులోని మెత్తని బోల్టు విరిగినప్పుడు దాని స్థానంలో గట్టి బోల్టు బిగించడం ఇంకో అలవాటు. ఆ బోల్టు విరగడానికే పెట్టారు. అది విరగకపోతే గేర్‌బాక్స్ పళ్లు విరుగుతాయి.

మొదటి కోతకు ముందు తోటంతా ఒకసారి కాళ్లతో నడవాలి. పైపులను మొదళ్ల వైపు జరపాలి, తీసేయలేని రాయి దగ్గర కర్ర పాతాలి. ఇంకొకటి కూడా చెప్పి తీరాలి: వయ్యారిభామకు స్లాషర్ మందు కాదు. కోస్తే అది కిందినుంచే కొమ్మలు వేసి జానెడు ఎత్తులో పూస్తుంది. నేల తడిగా ఉన్నప్పుడు, పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకుని వేరుతో సహా పీకాలి. నిడమనూరు రైతు తోటలో దక్షిణం గెట్టు పొడవునా అది మొలిచి ఉంది, ఇంకా పూత రాలేదు.