ఒక్క చేతితో కాని కూర

పిల్లలకు వంట నేర్పాలంటే ఏ కూరతో మొదలుపెట్టాలని అడిగితే నేను సూరత్ ఉంధియు పేరే చెబుతాను. జనవరి 14న ఉత్తరాయణం. ఊరంతా డాబాలెక్కి గాలిపటాలు ఎగరేస్తుంది. ఆ పూట విస్తట్లో పూరీ, జిలేబీ పక్కన ఉండాల్సిన కూర ఇది. వరంగల్, కరీంనగర్, నల్గొండల నుంచి మగ్గాల పనికి వెళ్లి లింబాయత్ వైపు స్థిరపడ్డ మన పద్మశాలీలకు ఇది ఇరుగుపొరుగు వంట.

సరుకంతా చలికాలపు పచ్చి సరుకే: పాపడీ అనే చిక్కుళ్లు, పచ్చి కందులు, ఊదారంగు పెండలం, చిలగడదుంప, చిన్న ఆలుగడ్డలు, లేత వంకాయలు, అరటికాయ, మెంతికూర, పచ్చి వెల్లుల్లి కాడలు. పని ఎక్కువ. అందుకే ఇంటిల్లిపాదీ కూర్చోవాలి.

అయిదారేళ్ల పిల్లల వాటా చిక్కుళ్లు. రెండు పక్కలా ఈనె తీసి, కాయ విప్పి, పురుగుందేమో చూసి, ముదురువైతే గింజలు ఒలవాలి. ఏది లేత, ఏది ముదురు అన్నది అక్కడే వేళ్లకు తెలిసిపోతుంది. కాస్త పెద్దపిల్లలది ముఠియా పని. సన్నగా తరిగిన మెంతికూరలో శనగపిండి, గోధుమపిండి, ఉప్పు, కాస్త చక్కెర, నూనె కలిపి గుప్పిట్లో నొక్కి ఉండలు చేస్తారు. పిండి పలచనైతే నూనెలో విడిపోతుంది, గట్టిపడితే లోపల రాయిలా ఉంటుంది. కత్తి పట్టగలిగిన వాళ్లు వంకాయలను తొడిమ ఊడకుండా నాలుగు పక్షాలుగా చీలుస్తారు. మన గుత్తివంకాయ కోతే. అందులోకి పచ్చికొబ్బరి, కొత్తిమీర, వెల్లుల్లి కాడలు, అల్లం, పచ్చిమిర్చి, నువ్వులు కలిపిన ముద్ద కూరుతారు.

అసలు పనితనం పొయ్యి దగ్గర. నూనెలో వాము వేసి, చిటికెడు సోడాతో చిక్కుళ్లు మగ్గిస్తారు. సోడా కాయను మెత్తబరుస్తుంది, పచ్చదనం పోనివ్వదు. త్వరగా ఉడకని దుంపలు అడుగున, త్వరగా మెత్తబడే వంకాయ, అరటికాయ పైన. వేయించిన ముఠియాలు చివర్లో. మూతపళ్లెంలో నీళ్లు పోసి సన్నసెగ మీద ఉంచితే, లోపలి ఆవిరి చల్లని పళ్లేనికి తగిలి మళ్లీ నీరై కూరలోకే దిగుతుంది. గరిటె పెడితే ముక్కలు చితికిపోతాయి. గిన్నె పట్టుకుని కుదపడమే.

కొలతలు వల్లెవేస్తే రాని సంగతులివి. ఏ కూరగాయ ఎంతసేపు ఉడుకుతుందో, ఎందుకు ఆ వరుసలో పేరుస్తారో తెలిసిన పిల్లకు రేపు ఏ కూరైనా వస్తుంది. పండగనాడు సూరత్ దుకాణాల్లో ఉంధియు కిలోల లెక్కన దొరుకుతుంది. కొనుక్కుంటే రుచి వస్తుంది, విద్య రాదు.

మనకూ సంక్రాంతి రోజుల్లో ఇదే సరుకు బజారుకొస్తుంది. ముక్కల పులుసు పెట్టే రోజున చిక్కుళ్ల బుట్ట పిల్లల ముందుంచండి. వంట ఆలస్యమైనా ఫర్వాలేదు, ఈనెలు మాత్రం వాళ్లనే తీయనివ్వండి.