గేరు రాడ్డు ఎంత కురచ కావాలి

చేతితో గేర్లు మార్చే కారులో డ్రైవరు కంటికి కనిపించే గేరు రాడ్డు అసలు కడ్డీలో పై భాగం మాత్రమే. దాని అడుగున గోళాకారపు కీలు ఒకటి ఉంటుంది; ఆ కీలుకు దిగువన మరికొంత కడ్డీ సాగి, గేరుబాక్సుకు పోయే రాడ్డుతోనో కేబుళ్లతోనో కలుస్తుంది. చెయ్యి చేసే పెద్ద కదలికను గేరుబాక్సు లోపలి చిన్న కదలికగా మార్చడమే ఈ కడ్డీ పని. కంపెనీ అమర్చిన ఈ కడ్డీని తీసివేసి, అదే పనిని చేతికి తక్కువ దూరంలో జరిపించే మరో కడ్డీని బయట కొని బిగించుకుంటే దానిని షార్ట్ షిఫ్టర్ అంటారు. స్పోర్ట్స్ కార్ల మీద మక్కువ ఉన్నవారు మొట్టమొదట కొనే పరికరాల్లో ఇది ఒకటి, అతి తక్కువ ఆలోచనతో కొనేదీ ఇదే. ఎంత శాతం కురచ అన్న ఒక్క అంకెను చూసి దీనిని ఎంచుకోవడం పొరపాటని, గేరుబాక్సు లోపల ఏమి జరుగుతుందో తెలిసిన తరువాతనే ఆ అంకెకు అర్థం ఏర్పడుతుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు కడప బండల గనుల్లో గడ్డపారతో బండను కదిలించే కూలీకి ఇందులోని సూత్రం చేతుల్లోనే ఉంటుంది. గడ్డపార కింద ఊతంగా పెట్టిన రాయి బండకు దగ్గరగా ఉన్నంతసేపు చేతులు చాలా దూరం కదలాలి గాని బరువు తెలియదు. అదే రాయిని చేతుల వైపు జరిపితే చేతుల కదలిక తగ్గుతుంది, బరువు పెరుగుతుంది. గేరు రాడ్డులో ఆ ఊతపు రాయి స్థానంలో ఉన్నది గోళాకారపు కీలు. ఉదాహరణకు, కీలుకు పైన 240 మిల్లీమీటర్లు, కింద 60 మిల్లీమీటర్లు ఉన్న కడ్డీని తీసుకుంటే నిష్పత్తి నాలుగుకు ఒకటి. కింది కొన 12 మిల్లీమీటర్లు కదలవలసి ఉంటే పైన చెయ్యి 48 మిల్లీమీటర్లు కదలాలి. కింది భాగాన్ని 75 మిల్లీమీటర్లకు పెంచిన కడ్డీ వేస్తే చేతి కదలిక 38.4 మిల్లీమీటర్లకు, అంటే అయిదో వంతు తగ్గుతుంది, కాని వేయవలసిన బలం నాలుగో వంతు పెరుగుతుంది. దానితో తృప్తి చెందక పై భాగాన్ని కూడా 200 మిల్లీమీటర్లకు కోయిస్తే కదలిక 32 మిల్లీమీటర్లకు వస్తుంది, బలం మాత్రం మొదటిదానికి ఒకటిన్నర రెట్లవుతుంది. కదలికను బలంతో గుణిస్తే వచ్చే పని ఏ కడ్డీతోనైనా అంతే ఉంటుంది కనుక, కదలిక తగ్గడం ఒక్కటే చెప్పి బలం పెరగడాన్ని దాచే ప్రకటన సగం నిజమే చెబుతున్నట్టు.

పై భాగాన్ని మాత్రమే కోయించడానికీ, కింది భాగాన్ని పెంచడానికీ మధ్య మరొక తేడా కూడా ఉంది. మొదటి పద్ధతిలో గేరు నాబ్, అంటే చేతి కింద ఉండే గుండు, కిందికి దిగిపోతుంది. స్టీరింగు నుండి చెయ్యి దానిని చేరడానికి పట్టే దూరం పెరగడంతో కదలికలో మిగిలినది చేరుకోవడంలో పోతుంది. లేత్ షెడ్డులో కడ్డీ కోయించి వెల్డింగు చేయించుకునే చౌక మార్గంలో ఈ లోపం తప్పదు, అతుకు నాణ్యత మీద సందేహమూ ఎప్పటికీ తీరదు. కీలును పైకి జరిపి, కింది భాగాన్ని పొడిగించి, నాబ్ ఎత్తును యథాతథంగా ఉంచే కడ్డీయే సరిగా రూపొందించిన షార్ట్ షిఫ్టర్.

ఇంతవరకు చెప్పినది కడ్డీ గురించి. అసలు విషయం గేరుబాక్సు లోపల ఉంది. ఒక గేరు నుండి మరొక గేరుకు మారేటప్పుడు రెండు వేర్వేరు వేగాలతో తిరిగే భాగాలు ఒకదానితో ఒకటి కలవాలి. ఆ వేగాలు సమం కాకముందే పళ్లను కలపబోతే కరకరమని శబ్దం వస్తుంది. ఈ వేగాలను సమం చేసే యంత్రాంగాన్ని సింక్రోమెష్ అంటారు. దీనిని అమెరికాలోని కాడిలాక్ కంపెనీ 1928లో మొదటిసారిగా తన కార్లలో ప్రవేశపెట్టింది. మన దేశంలో ఏళ్ల తరబడి తిరిగిన అంబాసిడర్ పాత నమూనాల్లో మొదటి గేరుకు ఈ సౌకర్యం లేదు. పాత లారీల డ్రైవర్లు గేరు తగ్గించేటప్పుడు క్లచ్చి రెండుసార్లు తొక్కి, మధ్యలో న్యూట్రల్‌లో ఆక్సిలరేటరు కొట్టి తమ పాదంతో చేసిన పనినే సింక్రోమెష్ తనంతట తాను చేస్తుంది. ఆ పనిని ముఖ్యంగా చేసేది ఇత్తడి వంటి లోహంతో చేసిన ఒక ఉంగరం. దాని లోపలి వాలు మీద గ్రామఫోను రికార్డు గీతల వంటి సన్నని గాళ్లు ఉంటాయి. అవి నూనె పొరను కోసి, ఉంగరం గేరు వాలును పట్టుకుని రాపిడితో వేగాన్ని సమం చేసేలా తోడ్పడతాయి. వేగాలు సమమయ్యే వరకు ఈ ఉంగరమే పళ్లకు అడ్డు నిలుస్తుంది. అప్పుడు చేతికి క్షణకాలం తగిలే ఆ చిన్న నిరోధం లోపం కాదు, ఇంకా సమయం కాలేదని గేరుబాక్సు చెప్పే మాట.

షార్ట్ షిఫ్టర్ వేసినంత మాత్రాన ఉంగరం చేయవలసిన పని తగ్గదు. సమం చేయవలసిన వేగాల తేడా మునుపటిదే, కదలవలసిన దూరమూ లోపల మునుపటిదే. మారినవి చేతి దూరం, చెయ్యి వేసే బలం మాత్రమే. అయినా దూరం తగ్గిందన్న ఉత్సాహంలో చెయ్యి ఇంకా వేగంగా, ఇంకా గట్టిగా తోస్తుంది, ఉంగరం అదే శక్తిని తక్కువ కాలంలో రాపిడిగా భరించవలసి వస్తుంది. ఆ అలవాటు ముదిరితే గాళ్ల అంచులు నున్నగా అరిగి, ఉంగరానికి గేరుకు మధ్య ఉండవలసిన సందు తగ్గిపోతుంది. గేరుబాక్సు విప్పిన మెకానిక్ ఫీలర్ గేజి పెట్టి కొలిచేది ఆ సందునే. సాధారణంగా ఎక్కువ వాడకం, ఎక్కువ వేగాల తేడా ఉండే రెండో గేరు ఉంగరమే ముందుగా పోతుంది. కనుక ఇప్పటికే రెండో గేరు వేసేటప్పుడు కరకరమనే కారుకు షార్ట్ షిఫ్టర్ వేయడం వైద్యం కాదు, జబ్బును తొందర చేయడమే.

గేరు రాడ్డును విడిగా కాక కారు మొత్తంతో కలిపి ఆలోచించిన తెలుగువారిలో ఎస్. కరివర్ధన్ పేరు తప్పక తలచుకోవాలి. తరతరాలుగా ఇంట తెలుగు మాట్లాడే నాయుడు కుటుంబాలు కోయంబత్తూరు పరిశ్రమలను నిలబెట్టిన సంగతి తెలిసినదే. లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన కరివర్ధన్ అక్కడే 1980ల చివర ఫార్ములా మారుతి అనే ఒంటిసీటు పందెపు కారును రూపొందించారు. అప్పట్లో దేశంలో చౌకగా దొరికే మారుతి 800 ఇంజినును, 796 సీసీల మూడు సిలిండర్ల ఆ చిన్న యంత్రాన్ని, డ్రైవరు వీపు వెనకకు చేర్చడం అందులోని కీలకమైన నిర్ణయం. మారుతి 800లో ముందు భాగాన ఉన్న ఇంజినూ గేరుబాక్సూ వెనక్కు పోయినప్పుడు గేరు రాడ్డు నుండి గేరుబాక్సు దాకా మొత్తం అనుసంధానాన్ని కొత్తగా కల్పించక తప్పదు. ఇరుకైన కాక్‌పిట్‌లో మోచెయ్యి వెనక్కు జరిగే చోటు ఉండదు కనుక మణికట్టు కదలికతోనే గేరు పడాలి. పందెపు కార్లలో గేరు రాడ్డు కురచగా ఉండడానికి ఆడంబరం కారణం కాదు, చోటు లేకపోవడమే కారణం. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో మరణించారు. కోయంబత్తూరు సమీపంలోని కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరును మోస్తోంది. అదే ఊరి నారాయణ్ కార్తికేయన్ ఫార్ములా మారుతితో పందేలు మొదలుపెట్టి, 2005లో ఫార్ములా వన్‌లో పాల్గొన్న తొలి భారతీయుడయ్యాడు. ఆ నాటికి ఫార్ములా వన్‌లో గేరు రాడ్డే లేదు. 1989లో ఫెరారీ మొదలుపెట్టిన స్టీరింగు వెనక మీటల పద్ధతి అన్ని జట్లకూ పాకిపోయింది.

పందెపు బాట నుండి మామూలు దారులకు వస్తే, కడప జిల్లాలోని చక్రాయపేట వంటి చోట ఉండి షార్ట్ షిఫ్టర్ గురించి ఆలోచించేవారికి ఆ దారులే మొదటి పరీక్ష. వేంపల్లె నుండి గండి క్షేత్రం మీదుగా రాయచోటి వైపు పోయే దారిలో పాపాఘ్ని నది కోసిన కొండల నడుమ మలుపులున్నాయి. కడప నుండి రాయచోటికి పోయేవారికి గువ్వలచెరువు ఘాటు ఉంది. ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగాలని లారీ డ్రైవర్లు చెప్పే మాట ఇక్కడ ప్రాణాలు కాపాడే నియమం. ఎందుకంటే దిగువకు దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి పట్టు కోల్పోకుండా ఇంజినే బండిని అదుపులో ఉంచాలి. అటువంటి చోట గేరు తప్పిపడితే ఏమవుతుందో లెక్క వేసుకోవచ్చు. అయిదో గేరు నిష్పత్తి 0.85, రెండో గేరుది 1.95 అయిన కారు అయిదో గేరులో నిమిషానికి 3,500 చుట్లతో పోతుండగా, నాలుగో గేరు అనుకుని రెండో గేరులోకి లాగి క్లచ్చి వదిలితే, చక్రాలే ఇంజినును సుమారు 8,000 చుట్లకు ఈడుస్తాయి. ఆక్సిలరేటరు మీద పాదం లేకపోయినా, ఇంజిను వేగాన్ని అదుపుచేసే ఎలక్ట్రానిక్ పరిమితి ఉన్నా, చక్రాల నుండి వచ్చే ఈ ఈడ్పును ఏదీ ఆపలేదు. వాల్వులు పిస్టన్లను తాకి ఇంజిను పాడయ్యే ప్రమాదం ఉంది. గేర్ల మధ్య అడ్డంగా ఉండే దూరాన్ని కూడా తగ్గించే షార్ట్ షిఫ్టర్‌లో ఈ పొరపాటు సులభమవుతుంది. కనుక ముందువెనకల కదలికను తగ్గించి, అడ్డ కదలికను దాదాపు అలాగే ఉంచే రకమే ఘాటు దారుల వారికి మేలు.

ఎంపికకు ముందు చేయవలసిన పని మరొకటి ఉంది, దానిని చాలామంది వదిలేస్తారు. ఇంజిను ఆపి, మూడో గేరు వేసి, నాబ్‌ను వేళ్లతో అటూఇటూ ఆడించి చూడాలి. గేరు మారకుండానే నాబ్ ఎంత దూరం వదులుగా ఆడుతుందో అది ప్లే. అది కడ్డీ పొడవుకు సంబంధించినది కాదు, అరిగిన బుష్‌లకు సంబంధించినది. బుష్ అంటే కదిలే రెండు లోహపు భాగాల నడుమ మెత్తగా ఉండేందుకు పెట్టే నైలాను లేదా రబ్బరు తొడుగు. కడప ఎండలకు, మట్టి దారుల దుమ్ముకు ఈ తొడుగులు బీటలు వారి, గుండ్రని రంధ్రం కోలగా సాగిపోతుంది. అప్పుడు కడ్డీ ముందుగా ఆ ఖాళీని దాటి గాని గేరుబాక్సును కదిలించలేదు. గేరు సాగిపోతోందని, పట్టు లేదని అనిపించే కార్లలో చాలావాటికి కొత్త బుష్‌లే సరిపోతాయి. బుష్‌లు మార్చకుండా షార్ట్ షిఫ్టర్ వేస్తే, కురచైన కదలికలో ఆ ఖాళీ వాటా మరింత పెరిగి, బండి మునుపటికంటే అనిశ్చితంగా తోస్తుంది. ఇత్తడి, అల్యూమినియం బుష్‌లు వేసేవారూ ఉన్నారు. వాటితో కదలిక కచ్చితమవుతుంది గాని, గేరుబాక్సు రొద, కంపనం నేరుగా అరచేతిలోకి వస్తాయి. రోజూ ఊరికీ ఊరికీ మధ్య తిరిగే కారుకు గట్టి పాలీయురేథేన్ బుష్‌లు మధ్యేమార్గం.

కారు నిర్మాణాన్ని బట్టి పరికరం మారుతుంది. ఇంజిను నిలువుగా ఉండి వెనక చక్రాలను నడిపే మాజ్డా ఎంఎక్స్-5 వంటి కార్లలో కడ్డీ నేరుగా గేరుబాక్సు నెత్తి మీదే దిగుతుంది. అక్కడ కడ్డీ మార్చడం ఒక్కటే పని, చేతికి అందే స్పష్టతా ఎక్కువ. అమెరికాలో స్థిరపడిన తెలుగు యువకులకు అటువంటి కార్లు తేలికగా దొరుకుతాయి, వాటికి పరికరాలూ విరివిగా ఉంటాయి. మన దేశంలో చేతి గేర్లతో దొరికిన చురుకైన కార్లు దాదాపు అన్నీ ముందు చక్రాలను నడిపేవే. 2004లో వచ్చిన ఆక్టేవియా ఆర్‌ఎస్, 2015లో 145 హార్స్‌పవర్‌తో వచ్చిన అబార్త్ పుంటో, ఇటీవలి వర్టస్, స్లావియా 1.5 లీటర్ల నమూనాలు ఆ కోవలోనివి. కేబుళ్లతో పనిచేసే గేర్లున్న కారులో కడ్డీని ముట్టుకోకుండా గేరుబాక్సు మీద కేబులు కలిసే చిన్న మీట పొడవును మార్చి కదలికను తగ్గించే మార్గం ఉంది. ఈ పద్ధతి సాధారణంగా ముందువెనకల కదలికనే తగ్గిస్తుంది కనుక పైన చెప్పిన ఘాటు దారి ప్రమాదం ఇందులో తక్కువ. అయితే కేబుల్ సర్దుబాటు సరిగా లేకపోతే గేరు పూర్తిగా పడకుండా జారిపోతుంది, దానిని తెలిసిన మెకానిక్ చేతనే చేయించాలి.

చట్టం విషయానికి వస్తే, 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదంటుంది. గేరు రాడ్డు పొడవు ఆ పత్రంలో ఉండే వివరం కాదు. వారంటీ ఉన్న కారులో మాత్రం గేరుబాక్సుకు వచ్చిన చిక్కును ఈ పరికరం మీదికి నెట్టే హక్కును కంపెనీ వాడుకోవచ్చు.

అన్నీ చూసిన తరువాత పదిహేను నుండి ఇరవై అయిదు శాతం తగ్గింపు చాలినంత అనిపిస్తుంది. నలభై శాతం తగ్గింపు పందెపు బాటకు సరిపోవచ్చు గాని వేంపల్లె బజారులో ఎద్దుల బండి వెనక నడిచే కారుకు భారమే. బిగించిన తరువాత బండి కదలకముందే అన్ని గేర్లూ, రివర్సు గేరుతో సహా, పూర్తిగా లోపలికి దిగుతున్నాయో లేదో, రబ్బరు తొడుగు కడ్డీని వెనక్కు లాగుతోందో లేదో చూడాలి. గేరు పూర్తిగా దిగకముందే తొడుగు అడ్డుకుంటే కొండ ఎక్కేటప్పుడు గేరు జారుతుంది. గేరు నూనెను కూడా అదే రోజు మార్చడం మంచిది. కారు కంపెనీ జీఎల్-4 రకం నూనె అని చెప్పిన చోట, ఎక్కువ అంకె మెరుగని భ్రమపడి జీఎల్-5 పోయకూడదు. వెనక ఇరుసు గేర్లను కాపాడడానికి అందులో ఎక్కువగా కలిపే గంధకపు రసాయనాల్లో కొన్ని ఇత్తడి ఉంగరాలను తినేస్తాయి, నూనె జారుడు పెరిగి ఉంగరం వాలును పట్టుకునే శక్తీ తగ్గుతుంది. తెల్లవారుజామున నూనె ఇంకా చిక్కగా ఉన్నప్పుడు రెండో గేరు కాస్త మొండిగా పడడం సహజం. మొదటి రెండు మూడు కిలోమీటర్లు దానిని బలవంతం చేయకుండా, చేతికి ఉంగరం నిరోధం తగిలినచోట అరక్షణం ఆగి, అది దారి ఇచ్చిన తరువాతనే రాడ్డును లోపలికి నెట్టాలి.