ఒడి దిగిన బిడ్డ: సిసిలీ విలియమ్స్ వ్యాసాలపై విమర్శ

బిడ్డ ముఖం, కాళ్ళు ఉబ్బితే ‘ఒళ్ళు చేశాడు’ అని సంతోషించే ఇళ్ళు ఉన్నవి. ఒక్కొక్కప్పుడు ఆ ఒళ్ళు కండ కాదు, నీరు. ఈ మోసాన్ని వైద్యలోకం దృష్టికి గట్టిగా తెచ్చినవారు డాక్టరు సిసిలీ విలియమ్స్. నేటి ఘానా అయిన గోల్డ్ కోస్టులో పనిచేస్తూ ఆమె 1933లో ఒక వ్యాసం, 1935లో మరొకటి ప్రకటించారు. పోషకాహార లోపాన్ని గురించి పాఠం చెప్పే ఉపాధ్యాయులు నిర్వచనం కంటె ముందు ఈ రెండింటి సారం తెలుసుకొనడం మంచిది.

మొదటి వ్యాసంలో గొప్ప సిద్ధాంతమేమీ లేదు, చూపు ఉన్నది. ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లలు. తల్లిపాలు చాలక మొక్కజొన్న గంజి మీద పెరుగుతున్నవారు. చిరాకు, విరేచనాలు, పాదాలకూ చేతులకూ వాపు, నల్లబడి పొరలుగా ఊడే చర్మం, ఆ పైన మరణం. ఇది పెల్లాగ్రాయే అని కొందరు పెద్దలు తోసిపుచ్చారు. (జొన్నలు తినే దక్కను ప్రాంతానికి పెల్లాగ్రా క్రొత్తది కాదు.) పెల్లాగ్రా మచ్చలు ఎండ తగిలేచోట వస్తవి; ఈ పిల్లల మచ్చలు అలా రాలేదు. రెండవ వ్యాసంలో ఆమె ఆ భేదాన్ని నిలబెట్టి, జబ్బుకు అక్కడి తల్లులు గా భాషలో వాడే పేరునే పెట్టారు: క్వాషియోర్కర్. మరొక బిడ్డ పుట్టగానే ఒడి దిగిన బిడ్డకు వచ్చే జబ్బు అని దాని భావం. కారణంలో సగం ఆ పేరులోనే ఉన్నది. వ్యాసాలలో ఇంతకంటె విలువైన భాగం లేదు.

లోపం లేకపోలేదు. మొదటి వ్యాసం శీర్షిక మొక్కజొన్నను పట్టుకొన్నది. కర్రపెండలం, వరి తినేచోట్ల కూడ ఈ జబ్బు కనబడినది. మాంసకృత్తుల కొరత కావచ్చునని ఆమె అనుమానంగానే వ్రాశారు. తరువాతివారు ఆ అనుమానాన్ని నినాదం చేశారు. ఇరవై యేళ్ళు ప్రపంచమంతా మాంసకృత్తుల పొడులవెంట పరుగెత్తినది. 1974లో మెక్‌లారెన్ దానిని ఘోర వైఫల్యమని ఎండగట్టేవరకు ఆ ఉత్సాహం తగ్గలేదు.

అంతకుముందే, 1968లో, హైదరాబాదులోని పోషకాహార పరిశోధన నుంచి సి. గోపాలన్ వేరొక మాట చెప్పారు. ఎండి ఎముకలగూడైన బిడ్డ, ఉబ్బిన బిడ్డ తిన్న తిండిలో మాంసకృత్తుల పాలు ఒకటే. మొదటి బిడ్డ శరీరం తన కండనే కరిగించుకొని కొరతకు సర్దుకొన్నది; రెండవది సర్దుకొనలేకపోయినది. కొరత ముఖ్యంగా మొత్తం తిండిలోనే. ఉబ్బు ఎందుకో నేటికీ పూర్తిగా తేలలేదు. 2013లో మలావీ కవల పిల్లల పరిశీలన ప్రేగులలోని సూక్ష్మజీవులకూ ఇందులో పాత్ర ఉన్నదని చూపినది. చికిత్స మాత్రం మారినది: తొలిదినాలలో మాంసకృత్తులు మితంగానే ఇస్తారు.

తూకం చూచి ఊరుకొంటే ఈ బిడ్డ తప్పిపోతాడు, నీరూ తూగుతుంది కనుక. రెండు పాదాలమీద బొటనవ్రేలితో మూడు సెకనులు నొక్కి, వ్రేలు తీసి చూడవలె. గుంట నిలిచిపోతే, బరువెంత ఉన్నా, ఆ బిడ్డను ఆనాడే వైద్యునివద్దకు తీసుకొనిపోవలె.