రెండుంపావు నీడ

పోయిన నెల ఒకాయన రెండు సెంట్ల స్థలం కాగితాలతో నా దగ్గరికి వచ్చాడు. "కారు పట్టల్ల సార్. మిగిలింది మీ ఇష్టం" అన్నాడు. కారుందా అని అడిగాను. "ఇప్పటికి లేదు. ముందుముందు కొనమా ఏంది?" అన్నాడు. రెండు సెంట్లంటే 871 చదరపు అడుగులు. పది అడుగుల వెడల్పు, పదహారడుగుల పొడవు పోర్టికో గీస్తే అందులో 160 పోయాయి. ఇంకా కొనని కారుకు స్థలంలో ఐదో వంతు దాకా ఇచ్చి, ఆయన తల్లికి గది లేని ప్లాను గీశాను.

కర్నూల్లో ఇళ్ల ప్లాన్లు గీస్తూ ఇరవై రెండేళ్లు గడిచాయి. ఇల్లు గీయడం తొందరగానే వచ్చింది. వీధిని చూడటం మాత్రం ఆలస్యంగా అబ్బింది. అది నేర్పింది మా పెద్దమ్మ.

ఆమెది పాతబస్తీలో మట్టి మిద్దె. ముందు ఎనిమిదడుగుల సందు, వాకిట్లో నాపబండ పరిచిన అరుగు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి కలిసి ఊరిని ముంచినప్పుడు ఆ మిద్దె కూలింది. కొడుకు ఊరి బయట వెంచర్లో ఇల్లు కట్టించాడు. 40 అడుగుల రోడ్డు, కావలసినంత గాలి, వెలుతురు. రెండు వేసవులు చూసి పెద్దమ్మ ఒకటే మాట అంది: "ఉప్పు పొట్లానికి గూడా బండి తీయల్ల నాయనా. నాకు బండి నడపనీకి రాదే."

ఆ మాట కుదురుగా ఉండనివ్వక, మరుసటి మే నెల మొదటి వారంలో టేపు పట్టుకుని ఆ పాత సందుకు పోయాను. ఆ రోజుల్లో మధ్యాహ్నం కర్నూలు మీద సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. పన్నెండుంపావు ప్రాంతంలో ఏ గోడకూ నీడ ఉండదు. సందయినా హైవే అయినా ఒకటే పెనం. రెండు గంటలు ఓపిక పట్టాను. రెండుంపావుకు, పిట్టగోడతో కలిపి పన్నెండడుగులున్న పడమటి గోడ నీడ ఆరున్నర అడుగులు పడింది. ఎనిమిదడుగుల సందులో ఇక ఎండ మిగిలింది అడుగున్నర. ఒక ముసలాయన ఆ నీడలోనే చేతికర్ర ఆనించి, మందుల చీటీ జేబులో పెట్టుకుని నింపాదిగా పోతున్నాడు.

అదే గోడను 40 అడుగుల రోడ్డు పక్కన నిలబెట్టినా నీడ ఆరున్నర అడుగులే. మిగిలిన ముప్పై మూడున్నరా ఎండ పాలు. పైగా మనం సెట్‌బ్యాక్ వదిలి కడతాం కదా, ఆ నీడలో సగం ఇంటి ప్రహరీ దాటి బయటికే రాదు. ఉత్తర దక్షిణాలుగా పోయే సందుకే ఈ లెక్క. తూర్పు పడమరలుగా పోయేదానికి పందిరో చెట్టో కావాలి. అయినా ఇరుకు అని మనం తిట్టిపోసేది ఒక గొడుగని ఆ రోజు నాకు అర్థమైంది.

నీడ ఒక్కటే కాదు, దగ్గరితనం కూడా ఉంది. పెద్దమ్మ సందు చివర పిండి మర, దాని పక్కన కిరాణా, మలుపు తిరిగితే మసీదు, ఆ వెనకాలే గుడి. ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటేనే ఆ కిరాణాకు బేరం సాగుతుంది, బస్సుకు జనం దొరుకుతారు. ఇళ్లను చెల్లాచెదురుగా విసిరేసి, తర్వాత బస్సు రాలేదంటే ఎట్లా వస్తుంది?

ఇట్లాంటి సందుల్లోకి బండ్లు రాకపోతే వ్యాపారం చస్తుందని అంగళ్లవాళ్ల భయం. రంజాను చివరి రాత్రుల్లో కడప బజార్లో తిరిగినవాళ్లకు ఆ భయం ఉండదు. ఆ జనంలో కారు దూర్చే సాహసం ఎవరూ చేయరు. బట్టలు, గాజులు, సేమియాలు అమ్మేవాళ్లకు మాత్రం తల తిప్పే తీరిక ఉండదు. మొరాకోలోని ఫెజ్ కూడా మనలాగే ఎండలు కాసే ఊరు. అక్కడి పాత నగరం సందుల్లో కార్లు లేవు, సరుకంతా గాడిదల మీద, తోపుడు బండ్ల మీద చేరుతుంది. 1981లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అది ఖాళీ కోట కాదు, జనం కాపురాలుంటున్న ఊరు.

అట్లని పాత ఊరిని నెత్తిన పెట్టుకోను. ఆ వీధులు కులాల వారీగా పడ్డవి. ఏ అరుగు మీద ఎవరు కూర్చోవచ్చో, ఎవరు దూరంగా నిలబడాలో అందరికీ తెలిసిన ఊళ్లవి. పెద్దమ్మ సందులోనే అర్ధరాత్రి ఒకాయనకు గుండెనొప్పి వస్తే మంచం మీద మోసుకుపోవలసి వచ్చింది. కాబట్టి ఇప్పుడు గీయవలసింది పాతదానికి నకలు కాదు. చుట్టూ బస్సు, అంబులెన్సు, ఫైరింజను తిరిగే రోడ్డు ఉండాలి. లోపల నడిచే సందులుండాలి, ఏ గడపా ఆ రోడ్డుకు నూరు మీటర్లు మించి దూరం కారాదు. రెండంతస్తుల ఇళ్లు ఆనుకుని లేవాలి, మురికినీళ్లు భూమి కింద పోవాలి. అరుగు అందరిదీ కావాలి. ఇందులో చేతకాని పనేమీ లేదు. మొదటి గీత కారు కోసం గీయకుండా ఉంటే చాలు.

ఆ రెండు సెంట్లాయనకు మొన్న ఫోన్ చేశాను. పోర్టికో తీసేసి అమ్మకు గది, దాని ముందు ఒక బండ అరుగు గీస్తానన్నాను. "ఇంట్లో మాట్లాడి చెప్తా సార్" అన్నాడు. ఇంకా చెప్పలేదు.

మీ ఊళ్లోనూ ఏదో ఒక రోజు రోడ్డు వెడల్పు కోసం సందు గోడల మీద ఎర్రరంగు గీతలు పడతాయి. పడినప్పుడు గొడవకు దిగకండి. ఆ గీత గీసినవాళ్లను మర్యాదగా పిలిచి, మే నెలలో ఒకసారి ఆ సందు ఈ కొస నుంచి ఆ కొస దాకా నడవమనండి. ఆ తర్వాత పక్కనున్న పెద్ద రోడ్డు మీద అంతే దూరం నడవమనండి. టైము మాత్రం రెండుంపావు పెట్టండి.