డైక్‌స్ట్రా చేతివ్రాత

ఆ కాగితమును మొట్టమొదట చూచినప్పుడు అది చేతితో వ్రాసినదని నేను నమ్మలేకపోయితిని. పంక్తులన్నియు త్రాడు పట్టి నిలిపినట్లున్నవి. అక్షరములు ఒకదానికొకటి చాలినంత యెడమిచ్చి పెద్దమనుషులవలె కూర్చుండియున్నవి. పుట మొదలుకొని చివరివరకు వెదకినను కొట్టివేత యొక్కటియు కానరాదు. పైభాగమున ఇ.డబ్ల్యు.డి. అను మూడక్షరములును, వాని సరసనే ఒక వరుససంఖ్యయు. ఆ మూడును ఎడ్స్‌గర్ వైబె డైక్‌స్ట్రా అను పండితుని పేరిలోని పొడి అక్షరములు. మన బందరులో వలందపాలెమునకు పేరిచ్చిన ఆ వలందుల, అనగా డచ్చివారి, జాతివాడాయన. ఇట్టి పత్రములను ఆయన 1,300కు పైగా వ్రాసెను. ఫౌంటెన్ పెన్నుతో వ్రాయుట, జెరాక్సు తీయించుట, కొలదిమంది మిత్రులకు తపాలాలో పంపుట. ఆ మిత్రులు మరల జెరాక్సులు తీసి తమ మిత్రులకు పంచుట. ఈ విధముగా, ఏ పత్రికాధిపతి దయకును ఎదురుచూడక, ఒక శాస్త్రము యొక్క మేలైన భాగము చేతివ్రాతలో లోకమంతట సంచరించినది. ఆ వ్రాతకు ముచ్చటపడి ఒకాయన కంప్యూటరు అక్షరములనే ఆ తీరున చెక్కించెను.

చేతివ్రాతను గూర్చి యింతగా చెప్పుటకు కారణము కలదు. ప్రోగ్రామును ఎట్లో అల్లి, యంత్రము మీదికెక్కించి, అది తప్పు చేసినప్పుడెల్ల ఒక అతుకు వేయుట కాదు, కాగితము మీదనే, తలలోనే, తప్పు పుట్టుటకు చోటు లేకుండునట్లు దానిని కూర్చవలెనన్నదే ఆయన యావజ్జీవము పట్టిన వ్రతము. ముందు వాక్యమును మనసులో పూర్తిచేసి పిమ్మట కలమెత్తువానికి కొట్టివేతలతో పనియేమి?

రోటర్‌డామ్ నగరమున 1930లో జననము, తండ్రి రసాయనశాస్త్రోపాధ్యాయుడు, తల్లి గణితము నెరిగిన విదుషి, లైడెనులో భౌతికశాస్త్రాధ్యయనము, 1952లో ఆమ్‌స్టర్‌డామ్ గణితకేంద్రమున ఉద్యోగము. చరిత్రకు ఇంత చాలును. చెప్పదగినది తరువాతి కథ. భౌతికశాస్త్రమా, ప్రోగ్రాములు వ్రాయుటయా యను సంశయము కలిగి, ఆ యువకుడు తన పెద్దయైన వాన్ వైన్‌గార్డెన్ గారి గదికి పోయి, ఈ ప్రోగ్రామింగు అను పనికి శాస్త్రమని చెప్పుకొనదగిన పునాది యెక్కడనున్నదని మొగమాటము లేక అడిగెనట. ఆ పెద్దాయన ఓపికతో విని, అట్టిదింకను లేదని యొప్పుకొని, కంప్యూటర్లు వచ్చిపోవునవి కావనియు, ఆ పనికి రానున్న కాలమున గౌరవము తెచ్చువారిలో నీవే యొకడవు కాగూడదా యనియు పలికెను. కొన్ని గంటల తరువాత ఆ గది వెలుపలికి వచ్చినవాడు వేరొక మనుష్యుడు. 1957లో వివాహసమయమున వృత్తి యేదని పురపాలకాధికారులడుగగా, ప్రోగ్రామరునని చెప్పెను. అట్టి వృత్తి లేదని వారు త్రోసిపుచ్చి, భౌతికశాస్త్రజ్ఞుడని వ్రాసికొనిరి. ఈనాడు మన పెండ్లి సంబంధములలో ఆ మాటకున్న గిరాకిని చూచినచో ఆ అధికారులేమనుకొందురో!

ఆ పెండ్లికి వెనుకటి యేడు, 1956లో, కాబోవు భార్యతో కలిసి ఆమ్‌స్టర్‌డామ్ వీథులలో సరకులు కొని, అలసి, ఒక కాఫీ దుకాణపు అరుగుపై కూర్చుండి కాఫీ త్రాగుచు, ఇరువది నిమిషములలో ఆయన ఊహించినదే నేడు కంప్యూటరు విద్యార్థులు పరీక్షలో వ్రాయు ‘డైక్‌స్ట్రా అల్గారిథము’. (మన పిల్లలు దీనిని ‘డిజిక్‌స్ట్రా’ అందురు, పోనిండు, పేరు తప్పినను పద్ధతి తప్పకున్న చాలును.) అప్పుడాయన చేత కలము లేదు, కాగితము లేదు, లేకపోవుటయే మేలైనదని, అందువలననే అక్కరలేని చిక్కులు దరికి రాలేదని, తరువాత ఆయనయే చెప్పుకొనెను. ఆర్మాక్ అను క్రొత్త యంత్రపు శక్తిని సామాన్యులకు చూపుటకై ఏర్పడిన ప్రశ్న యది: దేశపటములో 64 పట్టణములున్నవి, ఒకదానినుండి వేరొకదానికి మిక్కిలి దగ్గర దారి యేది? 64 ఏలయనగా, పట్టణపు సంఖ్య ఆరు బిట్లలో ఇమిడిపోవును గనుక.

ఆ పద్ధతి సొగసును చూపక ముందుకు పోవుటకు నాకు చేయి రాదు. మీరు ‘అ’ అను ఊర నున్నారనుకొనుడు. అచ్చటినుండి ‘ఆ’ ఊరికి రెండు క్రోసులు, ‘ఇ’ ఊరికి ఏడు క్రోసులు. ‘ఆ’ నుండి ‘ఇ’కి మూడే క్రోసులు. ప్రస్తుతము తెలిసిన దూరములలో మిక్కిలి తక్కువదానిని పట్టుకొనుడు: అది ‘ఆ’ ఊరి రెండు క్రోసులు. ఇక ఆ యంకె ఎన్నటికిని తగ్గదు. ఏలయనగా మరియొక దారిన రావలెనన్నచో ముందుగా ఏడు క్రోసులు నడువవలెను. నడచిన కొలది దూరము పెరుగునే కాని తరుగదు కదా! ఆ యూరిని స్థిరపరచి, అక్కడినుండి పోదగిన ఊళ్ళ లెక్కను సవరింపుడు: ‘ఇ’ ఊరి యేడు కాస్త ఐదైనది. మరల మిగిలినవానిలో తక్కువదానిని పట్టుకొనుడు. ఇంతియే! మన కృష్ణా డెల్టాలో తూమెత్తినప్పుడు నీరు పిల్లకాలువలవెంట నాలుగు దిక్కులకును ఒకే వడితో పారినదనుకొందము; ఏ చేనికి ముందు తడి తగిలినదో ఆ చేనికి అదియే దగ్గర దారి. పద్ధతిలోనే దాని నిరూపణము నిలిచియున్నది. చేయుటయు, సరియని చూపుటయు వేరువేరు పనులు కావు. 1959లో దీనిని ఒక జర్మను గణితపత్రికలో ప్రకటించినప్పుడు, మరియొక సమస్యతో కూడ కలిపి, ఆ వ్యాసము మూడు పుటలు! మూడే పుటలు!

అట్టి పని చేసినవారిని తలచినప్పుడు, మన ఆంధ్ర విశ్వవిద్యాలయమున చదివి అమెరికాలో ఆచార్యుడైన కొసరాజు సాంబశివరావుగారు జ్ఞప్తికి రాకుండరు. బాణపు గుర్తుల దారులు గల పటములో, ఒకదానినుండి ఒకదానికి పోయి మరల రాగల ఊళ్ళ గుంపులను కనుగొనుటకు, పటమునొకసారి గాలించి, బాణములన్నిటిని వెనుకకు త్రిప్పి మరల గాలించిన చాలునని ఆయన 1978లో చూపెను. ఆ రెండవ గాలింపు నాలోచించిన బుద్ధికి నమస్కారము.

ప్రకృతమునకు వత్తము. జాప్ జోన్నెవెల్డ్ అను సహచరునితో కలిసి డైక్‌స్ట్రా ఆల్గాల్-60 భాషకు కంపైలరు వ్రాయ బూనినప్పుడు, పని ముగియువరకు గడ్డము గీయించుకొనమని యిద్దరును శపథము పట్టిరి. 1960 ఆగస్టునాటికి పని ముగిసినది. జోన్నెవెల్డ్ గడ్డము తీసివేసెను; డైక్‌స్ట్రా గడ్డము తుదివరకు నిలిచినది. 1962లో ఐండ్‌హోవెన్‌లో ఆచార్యుడై, అచ్చట కొలదిమందితో నిర్మించిన ‘టి.హెచ్.ఇ.’ అను ఆపరేటింగు సిస్టములో, ఒక యంత్రముపై పెక్కు పనులు ఏకకాలమున నడచుచు ఒకదానినొకటి గ్రుద్దుకొనకుండుటకు రైలుదారి చేయిసిగ్నలు పేరుతోనే సెమఫోరు అను ఉపాయము నేర్పరచెను. ఒంటిపట్టాల దారిలో రెండు బండ్లు ఎదురుపడకుండ కాచునట్టిదే ఆ యుక్తి. ఇప్పటికిని ఆపరేటింగు సిస్టముల గ్రంథములలో అది లేని గ్రంథము లేదు. 1968లో, ప్రోగ్రామును ఒకచోటినుండి వేరొకచోటికి దూకించు ‘గోటూ’ అను ఆజ్ఞను ఖండించుచు ఒక పత్రికకు లేఖ వ్రాసెను. ‘గోటూ హానికరము’ అను అర్థము గల దాని ప్రసిద్ధ శీర్షికను పెట్టినది సంపాదకుడైన నిక్లావుస్ విర్త్. తిట్లు తిన్నది మాత్రము డైక్‌స్ట్రా. 1972లో ట్యూరింగు పురస్కారము వచ్చినప్పుడాయన చేసిన ఉపన్యాసమునందు, మన బుద్ధి యెంత చిన్నదో యెరిగి ప్రోగ్రాములు వ్రాయువాడే మంచి ప్రోగ్రామరని చెప్పెను.

ఈయనను గర్వి యనువారు కలరు. అహంకారమును ‘నానో-డైక్‌స్ట్రా’లలో కొలువవలెనని ఆలన్ కే వంటి ప్రజ్ఞావంతుడు సభలో పరిహాసమాడెను. నవ్వుకొన్నవారు నవ్వుకొందురు గాక. 1974లో ఈ ‘గర్వి’ ప్రకటించిన రెండు పుటల వ్యాసమును చూడుడు: వలయాకారముగా అమర్చిన యంత్రములు, తమపై పెత్తనము చేయువాడు లేకయే, ఏ చెడుస్థితిలో పడియున్నను తమంతట తామే మంచిస్థితికి వచ్చుట యెట్లో అందున్నది. చాలకాలము దానిని పట్టించుకొన్నవారు మిక్కిలి యరుదు. ఆయన బజారున డప్పు కొట్టనూ లేదు. 1983లో లెస్లీ లాంపోర్ట్ అను కంప్యూటరు శాస్త్రజ్ఞుడు నిండుసభలో దానిని మెచ్చుకొన్నపిమ్మట పండితలోకము మేలుకొన్నది. 2002లో ఆ వ్యాసమునకు లభించిన పురస్కారమునకే మరుసటి యేడు డైక్‌స్ట్రా పేరు పెట్టిరి. అప్పటికాయన లేడు, 2002 ఆగస్టు 6న, నూనెన్ గ్రామమున, స్వగృహమున కన్నుమూసెను.

ఆయన బోధన వేరొక అద్భుతము. 1984 మొదలు 1999 వరకు టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో బోధించినప్పుడు ఆయన సాధనము నల్లబల్ల, సుద్దముక్క. ప్రశ్న అడిగినచో వెంటనే బదులు చెప్పక, తరగతి యంతయు ఇబ్బందిపడునంతసేపు మౌనముగా నిలిచి, పిమ్మట నోరు తెరచుట ఆయన మర్యాద. ఐండ్‌హోవెన్‌లో మొదలైన మంగళవారపు గోష్ఠిలో ఒక పత్రమును ముందిడుకొని పంక్తి పంక్తిగా చదువుచు, ఈ పదమేల, ఈ కామా యేల, ఈ సంకేతమేల యని విడువక పరీక్షించెడివారు. మన పండితులు కావ్యమునకు వ్యాఖ్య చెప్పునప్పటి శ్రద్ధ యట్టిదే. పరీక్ష నోటితోనే, ఒక్కొక విద్యార్థిని ఎదుట కూర్చుండబెట్టుకొని, తొందర లేక, వాని ఆలోచన నడక యెట్టిదో చూచెడివాడు.

1988లో కంప్యూటరు విద్యాబోధనను గూర్చి వ్రాసిన పత్రములో ఆయన చదరంగపు పలక నొకదానిని ముందు పెట్టెను. పలకలో 64 గళ్ళు. ఎదురెదురు మూలల నున్న రెండు గళ్ళను కత్తిరించినచో 62 మిగులును. ఒక్కొక్కటి రెండు గళ్ళను కప్పునట్టి 31 బిళ్ళలతో దీనిని పూర్తిగా కప్పవచ్చునా? పేర్చి చూచుటకు కూర్చున్నవాడు జన్మమంతయు పేర్చుచునే యుండును. ఆలోచించినవాడు ఒక్క నిమిషమున లేచిపోవును: ప్రతి బిళ్ళయు ఒక తెల్లగడిని, ఒక నల్లగడిని కప్పును, ఎదురు మూలలు రెండును ఒకే రంగు, కావున ఒక రంగున 32, వేరొక రంగున 30 మిగిలినవి, సాధ్యము కాదు. పరీక్షించి చూచుట తప్పున్నదని చూపగలదు కాని తప్పు లేదని చూపజాలదని ఆయన పెక్కుసార్లు చెప్పినమాట కిదియే దృష్టాంతము. మొదటి యేటి విద్యార్థులకు, ఆ విద్యాలయపు యంత్రములలో ఏదియు నడపజాలని భాషలో ప్రోగ్రాములు నేర్పుడనియు, అప్పుడు ‘నడిపి చూతము’ అను చాపల్యము వారికి కలుగదనియు ఆయన సలహా. తప్పును ‘బగ్’ అని ముద్దుగా పిలువక తప్పనియే పిలువుడని మరియొక సలహా. పురుగు తనంతట వచ్చి చొరబడును. తప్పును మనము చేసితిమి. ఈ సలహాలను ఒప్పుకొనని ఆచార్యులు కలరు. నేను మాత్రము ఆయన పక్షము, దాచుకొననక్కరలేదు.

ఇక మన సంగతి. కొన్నియేండ్లక్రిందట ఒక యింజనీరింగు కళాశాలలో వైవా జరుగుచుండగా నేనొక మూలను కూర్చుండి చూచితిని. కుర్రవాడు డైక్‌స్ట్రా పద్ధతిని మొదటి మెట్టు మొదలు తుదిమెట్టువరకు గుక్క తిప్పుకొనక అప్పగించెను. పరీక్షకుని అనుమతి గైకొని నేనొక్కటి యడిగితిని: “బాబూ, ఒక దారి పొడవు సున్నకంటె తక్కువయని వ్రాసినచో ఏమగును?” వాడు తెల్లబోయి, “సార్, అది సిలబస్‌లో లేదండి” యనెను. పరీక్షకుడు నవ్వి, “నెక్స్ట్” అనెను. నడచిన దూరము తరుగదన్న ఆ యొక్కమాట మీదనే పద్ధతియంతయు నిలిచియున్నదని వానికి చెప్పినవారు లేరు. వాని రికార్డు పుస్తకము సీనియరు రికార్డునకు నకలు. ఆ సీనియరుది గైడునకు నకలు. ఇప్పుడా శ్రమయు తప్పినది: ప్రశ్నను యంత్రమునకు చెప్పిన యంత్రమే వ్రాసిపెట్టును, వీడు దానిని యంత్రముపైననే నడిపి, నాలుగు ఉదాహరణములకు సరిపోయినచో “వర్క్ అవుతోంది సార్” అని చేతులు దులుపుకొనును. ఏల సరియో వ్రాసినది చెప్పదు, వ్రాయించినవాడడుగడు, మార్కులు వేయువాడు చూడడు. కాఫీ చల్లారకముందే పుట్టిన ఆ యాలోచనను నాలుగేండ్ల జీతము కట్టించుకొని గూడ పిల్లవానికి చూపలేని చదువు నేమనవలెను? వరిపొట్టు దంచినట్లున్నది! తప్పు ఆ కుర్రవానిది కాదు. ప్యాకేజీ యెంతయని తప్ప, ఏల యని యడుగని పెద్దలది.

అధ్యాపకులారా, మీకొక విన్నపము. మొదటి తరగతినాడు కంప్యూటరు లాబు తలుపు తెరువకుడు. నల్లబల్లపై చదరంగపు పలక గీయుడు, రెండు మూలలు చెరిపివేయుడు, సుద్దముక్క క్రింద పెట్టి పిల్లల నాలోచింపనిండు. ఎవడును పలుకకున్నను తొందరపడి జవాబు చెప్పకుడు. డైక్‌స్ట్రా పత్రములను టెక్సాస్ విశ్వవిద్యాలయమువారు భద్రపరచి, ఎల్లరును ఉచితముగా చదువుకొనునట్లు ఇంటర్నెట్టులో ఉంచియున్నారు. ఒకదానిని అచ్చు తీసి గోడకు అంటింపుడు. రంగు కాగితమక్కరలేదు, నల్లసిరా నకలు చాలును.